గసగసాలపై గౌరవ న్యాయస్థానం వారి తీర్పు

పెన్సిల్వేనియాలోని మా బొగ్గుగనుల ఊళ్లో చట్టం ముందు అందరూ సమానమేనని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గసగసాల రోల్ తిన్న ఊరందరిలోనూ ప్రొబేషన్ మీదున్న ఒక్కణ్ణి మాత్రమే అరెస్టు చేయడం ఇందుకు తాజా నిదర్శనం.

క్రిస్మస్ ముందు మా స్లొవాక్ చర్చి ఆడవాళ్లు ఆ రోల్స్ చేసి అమ్ముతారు. లోపల గసగసాలు దట్టించి, పైన పంచదార పొడి చల్లుతారు. ఈసారి పిండి పిసకడానికి మిలాన్ హ్రబాక్ వెళ్లాడు. పూర్వం మత్తుమాత్రలతో పట్టుబడి, జైలుకు బదులు షరతుల మీద బయట ఉండే ప్రొబేషన్ దక్కించుకున్న మనిషి. సమాజసేవ చేయాలన్నది షరతు కనుక పిండి పిసికాడు. ఆకలి కనుక నాలుగు ముక్కలు తిన్నాడు. గసగసాలదీ నల్లమందుదీ ఒకే మొక్క కనుక, మర్నాడు ప్రొబేషన్ వాళ్లు చేసే మూత్రపరీక్షలో నల్లమందు ఛాయలు కనిపించాయి.

ప్రొబేషన్ అధికారి ప్రూయిట్ గారు విధినిర్వహణలో వెనకాడే రకం కాదు. మిలాన్ కారు వెతికి, తెల్లపొడి పొట్లం పట్టుకుని, చిటికెడు పరీక్ష సీసాలో వేశారు. అది నీలంగా మారింది. ఆ సీసా దేనికైనా నీలంగా మారుతుందని అందరికీ తెలుసు. అయినా నీలం నీలమే. దాంతో పాత కేసులో షరతు ఉల్లంఘన, కొత్త కేసులో కొకైన్.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివారికి ప్రభుత్వమే లాయరును ఇస్తుంది. మిలాన్‌కు కొలీన్ డుగన్ వచ్చింది. ఆవిడ ఆఫీసు కోర్టు వరండాలో, కాఫీ మిషను పక్కన.

"మిలాన్ అంటే ఎవరయ్యా?"

"నేనేనమ్మా. అది రోల్స్ మీద చల్లగా మిగిలిన పంచదార లాయరమ్మా, మా అమ్మమ్మ మీద ఒట్టు!"

"తెలుసయ్యా. పొద్దున నేనూ రెండు ముక్కలు లాగించే వచ్చా. కానీ ఆ మాట ల్యాబ్ వాళ్లు చెప్పాలి. వాళ్లు చెప్పేసరికి ఎండాకాలం వస్తుంది. అందాకా లోపలే."

"శుక్రవారం మా అమ్మాయి టెస్సాని ఎవరి దగ్గర ఉంచాలో కోర్టులో తేలుస్తారమ్మా. నేను లోపలుంటే పిల్లని ఎవరింటికో పంపేస్తారు."

"అయితే తప్పు ఒప్పుకో. ప్రొబేషన్ పొడిగిస్తారు, ఇవాళే ఇంటికి పోతావు."

"చెయ్యని తప్పా?"

"చేసినవాళ్లకీ ఇదే బేరం. నీకేం తక్కువ చెయ్యలేదు."

అయినా జడ్జి ముందుకు వెళ్లాక ఆవిడ ఒక ప్రయత్నం చేసింది. ఈ హాల్లో రోల్ తిన్న వారందరికీ మూత్రపరీక్ష జరిపించమని ప్రార్థించింది. ప్రాసిక్యూటరు మూతి తుడుచుకున్నాడు. ప్రూయిట్ గారికి అర్జంటు పని గుర్తొచ్చింది. జడ్జి వెసెలీ గారు తమ నల్లకోటు మీది పంచదార గంభీరంగా దులుపుకుని సెలవిచ్చారు:

"ఈ న్యాయస్థానానికి గసగసాల మీద అపారమైన గౌరవం ఉంది. కానీ ఈ న్యాయస్థానం ప్రొబేషన్ మీద లేదు."

ఇంతటి తర్కం మా జిల్లాకే గర్వకారణం. తర్వాత మిలాన్ వైపు తిరిగి, "ఎవరి బలవంతమూ లేకుండా, స్వేచ్ఛగా ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు.

"మా అమ్మాయి..." అన్నాడు మిలాన్. లాయరమ్మ అతని కాలు తొక్కింది.

"స్వేచ్ఛగానేనయ్యా."

టెస్సా తండ్రి దగ్గరే ఉంది. జూన్‌లో ల్యాబ్ వారు అది పంచదారేనని నిర్ధారించారు. అయితే ఒప్పుకున్న నేరం ఒప్పుకున్నట్టే ఉంటుందని కోర్టువారు ఎంతో మర్యాదగా తెలియజేశారు.

మా ఊళ్లో ఎవరమూ చెడ్డవాళ్లం కాము. మిలాన్ ఏ పాపమూ ఎరగడని అందరికీ తెలుసు. కానీ తన నోటితో తానే ఒప్పుకున్నాడు కదా! అందుకే మొన్న ఆదివారం చర్చిలో అతను కూతురితో వచ్చి నా పక్కన కూర్చుంటే, నా హ్యాండ్‌బ్యాగు ఇటువైపుకు జరుపుకున్నాను. మీరైనా జరుపుకోరూ?