కుస్‌కుస్ వేళ సర్వరు కునుకు

శుక్రవారం పొద్దున్నే, కంప్యూటర్లు చూసుకునే వియామ్ తన కమలాపండ్ల ప్యాకింగ్ షెడ్డుకు బయలుదేరిందన్న మాటే గానీ, మనసు అప్పటికే మధ్యాహ్నంలో ఉంది. జుమా నమాజు కాగానే బెర్కాన్ ఊరంతా ఇళ్ళలో గోధుమరవ్వ కుస్‌కుస్ పళ్ళేల చుట్టూ చేరుతుంది. ఆ కాసేపు వీధిలో పిల్లి కూడా తిరగదు. ఖాళీ షెడ్డు, కమలాల వాసన, తనూ, తన సర్వరూ. ఆ పిల్ల కొన్నాళ్ళుగా కంటున్న పగటికల అదే. ఆ వయసులో ఇంతకన్నా మంచి కలలు కనవచ్చు, కాదనం. కానీ ఉద్యోగం అలాంటిది.

కాటా తూకం, శీతల గదులు, జీతాలు అన్నీ ఆ సర్వరు మీదే నడుస్తాయి. అది ఏళ్ళ తరబడి ఆగలేదు. దాని చిరుగులకు వేయమని సాఫ్ట్‌వేర్ కంపెనీ నెలనెలా పంపే ప్యాచ్‌లు గుమ్మంలోనే పడి ఉన్నాయి. ఒకసారి ఆపి లేపితే గానీ అవి అతుక్కోవు. నిరుడు పక్క ఊరి షెడ్డులో అలాంటి చిరుగులోంచే దొంగలు దూరి, కంప్యూటర్లన్నిటికీ తాళం వేసి కూర్చుంటే, లోపల పండ్లన్నీ కుళ్ళిపోయాయి. అది తలుచుకున్నప్పుడల్లా వియామ్‌కు గుండె జారిపోయేది. యజమాని సీ ముఖ్తార్‌కు మాత్రం ఏమీ జారేది కాదు.

"నడిచే గాడిదను ఆపి కాళ్ళు లెక్కపెడతావా?" అనేవాడు. వెంటపడి వేధించగా చివరికి దిగొచ్చాడు. "సరే, ఒక్క శుక్రవారం ఇస్తా. ఒక్కడికి ఇబ్బంది తగిలినా ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకూడదు."

"ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదండీ. సాఫీగా జరిగితే నెలకో శుక్రవారం ఇస్తారా?"

"ముందు ఇది కానీ."

అందుకని ఆమె ఎవరికీ చెప్పలేదు, కాపలాదారు బా అల్లాల్‌కు తప్ప. ఆయనకు చెప్పక తప్పదు. శుక్రవారం అందరూ వెళ్ళగానే పొదుపు పేరుతో సర్వరుకూ శీతల గదులకూ తప్ప, ఆమె తెరతో సహా అన్నిటికీ కరెంటు తీసేయడం ఆయనకు అలవాటు.

"ఇవాళ కరెంటు తీయకు బా అల్లాల్. భోజనాల వేళ సర్వరు ఆపి లేపుతున్నా. ఎవరికీ తెలియకూడదు."

"నా కడుపులోంచి బయటికి రాదమ్మాయ్," అన్నాడాయన. ఆయన కడుపు ఎంత పెద్దదైనా అందులో మాట నిలవదని ఊరందరికీ తెలుసు. వియామ్ ఊరికి కొత్త.

ఆయన ఒక్క మీలూద్‌కే చెప్పాడు. మీలూద్ కాటా దగ్గర మనిషి, కష్టంలో ఉన్నవాడి పక్కన నిలబడే రకం. "పాపం, పిల్లకు మనవల్ల మాట రాకూడదు," అనుకుని తోటల్లో ఉన్న లారీవాళ్ళందరికీ ఫోన్లు కొట్టాడు. "సాయంత్రం దాకా ఆగకండి. భోజనాల ముందే సరుకు తెచ్చేయండి. కాటా ఆగుతుంది, కానీ ఎవరితోనూ అనకండి."

ఎన్నడూ చెప్పిన వేళకు రాని లారీలు ఆ రోజు చెప్పినదానికన్నా ముందే వచ్చాయి. వరుస గేటు దాటి మసీదు మూల దాకా పాకింది. తెచ్చిన పండు దించాలి గనుక కూలీలు ఆగిపోయారు. పండు ఏరే ఆడవాళ్ళూ ఆగిపోయారు. నమాజుకు వెళ్ళినవాళ్ళు ఇళ్ళకు పోకుండా మళ్ళీ షెడ్డుకే వచ్చారు. మగడు రాకపోతే శుక్రవారం పళ్ళెం చల్లారిపోతుందని ఇళ్ళనుంచి కుస్‌కుస్ కదిలింది. గుడ్డ కప్పిన పళ్ళేలు టాక్సీల్లో, మూడు చక్రాల బళ్ళలో, నెత్తిమీద వచ్చి వాకిట్లో దిగాయి. ఆ వాకిట్లో నిలబడి వియామ్ తన ఖాళీ షెడ్డును వెతుక్కుంది.

ఇంతలో సీ ముఖ్తారే దిగాడు, వెనకే ఆయన తల్లి లల్లా యామ్నా, ఆమె వెనక బండి చక్రమంత పళ్ళెం. అల్లుడూ మేనల్లుడూ షెడ్డులోనే చిక్కుకున్నారని తెలిసి, "నలుగురు లేని శుక్రవారం పళ్ళెం నాకెందుకు, పద," అని కొడుకును లేవదీసుకొచ్చింది.

"ఏంటి ఈ జనం?" అన్నాడు సీ ముఖ్తార్.

"మేమేమీ గమనించలేదండీ," అన్నాడు మీలూద్, పిల్లకు మాట రానీయకుండా.

"ఏం గమనించలేదు?"

"అదే. ఏదీ." లారీవాళ్ళు కూడా అవునవునని తలలూపారు.

సీ ముఖ్తార్ వియామ్ వైపు తిరిగాడు. "ఆపి లేపావా?"

"ఇంకా మొదలే పెట్టలేదండీ."

"మొదలుపెట్టకుండానే ఊరంతా కదిలింది. పెడితే దేశం కదులుతుంది. ఇక వదిలెయ్. కూర్చుని తిను."

వియామ్‌కు ఏడుపొచ్చింది. లల్లా యామ్నా గుమ్మడి ముక్కా శనగలూ ఆమె వైపు తోసి, "తిను తల్లీ, యంత్రాలకు ఆకలుండదు, నీకుంటుంది," అంది. వియామ్ తినలేకపోయింది. మిగతావాళ్ళు మాత్రం ఏ లోటూ రానీయలేదు. ఒక పళ్ళెం దగ్గర తిని, పక్క పళ్ళెం ఇల్లాలు నొచ్చుకుంటుందని అక్కడా తిన్నారు. పైన చల్లటి మజ్జిగ తాగారు.

తర్వాత ఎండ వాకిట్లో మెల్లగా పరుచుకుంది. లారీ కింద ఒకరు, ఖాళీ పెట్టెల మీద ఇద్దరు, ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. మీలూద్ చెబుతున్న మాట సగంలో ఆగింది. సీ ముఖ్తార్ గోడకు చేరబడి నోరు తెరిచాడు. కమలాల వాసన గాలిలో నిలిచిపోయింది, తేనెటీగల చప్పుడు దగ్గరైంది. ఆ వాకిలి మొత్తం ఎవరో ఊదిన కలలోకి జారింది. తిననిది ఒక్కతే గనుక మేలుకున్నదీ ఒక్కతే.

వియామ్ చెప్పులు చేతపట్టుకుని, కాళ్ళు దాటుకుంటూ, లల్లా యామ్నా కొంగు తొక్కకుండా లోపలికి వెళ్ళింది. మీట నొక్కింది. సర్వరు ఒక్క నిట్టూర్పు విడిచి ఆగింది. షెడ్డులో ఎన్నడూ వినని నిశ్శబ్దం. తెర మీద ప్యాచ్‌లు ఒక్కొక్కటే అతుక్కుంటుంటే, ఇన్నాళ్ళూ తను కన్న కల ఇదేనని ఆమెకు తెలిసింది. ఇంతమంది గురక మాత్రం అందులో లేదు. చివరికి దీపాలు వెలిగాయి. కాటా సున్నా చూపించింది.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అజాన్‌కు వాకిలి లేచింది. సీ ముఖ్తార్ గడ్డం దులుపుకుంటూ, "చూశావా, ఇవాళ కాలేదుగా," అన్నాడు.

"అయిపోయిందండీ. ప్యాచ్‌లన్నీ పడ్డాయి."

ఆయన లోపలికి వెళ్ళి చూసొచ్చి, మీలూద్‌ను అడిగాడు. "నువ్వేమైనా గమనించావా?"

మీలూద్ చెంప మీద పెట్టె చెక్కల గీతలు ఇంకా పోలేదు. "ఈసారి నిజంగానే గమనించలేదండీ," అన్నాడు చిన్నబోతూ.

సీ ముఖ్తార్ ఖాళీ పళ్ళేల వైపూ తల్లి వైపూ చూశాడు. "నెలకో శుక్రవారం తీసుకో. కానీ ఏదీ మార్చకూడదు. ఇలాగే జరగాలి."

"ఇలాగే అంటే?"

"లారీలు, పళ్ళేలు, మా అమ్మ. అన్నీ."

అప్పటినుంచి నెలకో శుక్రవారం ఆ షెడ్డులో అందరికన్నా ముందు కునుకు తీసి లేచేది సర్వరే.