దోసకాయ బంతి, కార్తీక ఉపవాసం

కారేపల్లి బసవపున్నయ్యకు ఆ బంతిని చూడగానే అనుమానం వచ్చింది. గుండ్రంగా లేదు, పండిన దోసకాయలా ఉంది. కింద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. అలాంటి దానికోసం కొత్తగూడెం పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు.

ఆ రగ్బీ క్లబ్బులో చేరి తీరతానన్నది ఆయన ఒక్కగానొక్క కొడుకు వెంకటనారాయణ. పదిహేనేళ్లవాడు. ఊళ్లో అందరూ ‘చువ్వ’ అంటారు.

“నలభై అయిదు కిలోలుండాలె అన్నా. లేకుంటే పిల్లగాడు దెబ్బలకు ఆగడు,” అన్నాడు కోచ్ రాందాస్.

చువ్వ నలభై రెండే తూగాడు. బసవపున్నయ్యకు ప్రాణం లేచొచ్చింది.

“కార్తీకం పోయినంక మళ్లా తూకం వెయ్యి. తూగితే నేనే సంతకం పెడుత,” అని భార్య భారతమ్మ ఎదుటే కోచ్‌కు మాటిచ్చాడు.

ఇంటికి రాగానే ప్రకటించాడు. “ఈ నెలంతా ముగ్గురం ఉపవాసం. చుక్క పొడిచినంకనే అన్నం.”

“పెరిగే పిల్లగానికి ఉపవాసమేంది?”

“పుణ్యానికి వయసుంటదా?”

దీపం పెడుతుంటే మాత్రం ఆయనకు మనసొప్పలేదు. ‘స్వామీ, నిన్ను అడ్డం పెట్టుకుంటున్నా. వాడి కాలు విరగొద్దనే కదా,’ అని నచ్చజెప్పుకున్నాడు. వెనకాల భారతమ్మ నేతి డబ్బా మూత తీసి చూసుకుంటోంది. అదే ఆయన్ను భయపెట్టింది.

మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి నేతి వాసన.

“ఇదేంది?”

“చక్కెర పొంగలి. నైవేద్యం లేకుండ ఉత్త దీపమేం పెడ్తం?”

ప్రసాదం కాదంటే పాపమని వీధి వీధంతటికీ చెప్పినవాడు బసవపున్నయ్యే. కొడుకు ముందున్న పళ్లెం వైపు వేలు చూపించాడు.

“ప్రసాదమంటే అరచేతిలో పట్టేంత, భారతీ.”

“మన చెయ్యి లెక్కనా? రాముడు ఆజానుబాహువు. ఆయన చేతికి పట్టేంతే చేసిన.”

మధ్యాహ్నం శివుడికి పులిహోర. ఆ తర్వాత వినాయకుడికి రవ్వలడ్లు. సాయంత్రం కృష్ణుడికి దద్దోజనం.

“ఇంతమంది దేవుళ్లా?”

“ఎవరినీ తక్కువ చెయ్యొద్దన్నది మీరే గద.”

చువ్వ తెల్లవారుజామునే చెరుకు తోటల వెంట పరుగెత్తి వచ్చేవాడు. దోసకాయ బంతి లేదు గనక దిండును చంకలో పెట్టుకొని పరుగెత్తేవాడు. వచ్చి కళ్లు మూసుకొని, పరమ భక్తితో పళ్లెం ఖాళీ చేసేవాడు.

బసవపున్నయ్య కొత్త ఉపాయం పన్నాడు. తను ముందే కూర్చొని ప్రసాదమంతా తినేస్తే వాడికి మిగలదు. తిన్నాడు. భారతమ్మ మరింత వండింది. ఆయన మరింత తిన్నాడు.

కార్తీకం వెళ్లింది. మైదానంలో తూకం మిషను మీద చువ్వ నిలబడ్డాడు. ముల్లు నలభై అయిదు దాటి ఆగింది.

“ఈ మిషను తప్పు చెప్తున్నది,” అంటూ బసవపున్నయ్య పరీక్షించడానికి తనే ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగింది. నడుముకున్న బెల్టు కూడా అప్పుడే తెగింది.

రాందాస్ వంగి చూశాడు. “అన్నా, నెలంతా ఉపవాసమున్నది నువ్వేనా?”

“ఆయన నిష్ఠ గట్టిది,” అంది భారతమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకొని.

పంచె కట్టుకునేవాళ్లు అదృష్టవంతులనుకుంటూ, ఒక చేత్తో ప్యాంటు పట్టుకొని, ఇంకో చేత్తో క్లబ్బు కాగితం మీద సంతకం పెట్టాడు.

చువ్వ అప్పుడే మైదానంలోకి దూకాడు. బంతి అందుకున్నాడో లేదో నలుగురు మీద పడ్డారు. బసవపున్నయ్య కళ్లు మూసుకొని రామా అన్నాడు. తెరిచేసరికి కొడుకు బురదలోంచి లేస్తున్నాడు. బంతి ఇంకా చంకలోనే ఉంది. మళ్లీ పరుగెత్తాడు.

బసవపున్నయ్య భార్య పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

“భారతీ, మార్గశిరం గూడ మంచి నెలే. నైవేద్యం ఆపకు. ఆ నల్గురూ మనోని కంటే లావున్నరు.”