సీసాలో కప్ప, బయట వాన

ఒక పెద్ద అడవిలో పొద్దున తొమ్మిదయింది. మబ్బు కమ్ముకుని ఉంది, చినుకు ఇంకా పడలేదు.

గరికమ్మ అనే కుందేలు ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. పెద్దది మొలక. ఇంటర్ పాసయింది, బీఎస్సీలో జువాలజీ తప్ప ఇంకోటి చదవనని కూర్చుంది. చిన్నవాళ్ళు దూది, పత్తి. ఇంట్లో వదిలితే బొరియ పీకి పందిరేస్తారని వాళ్ళనీ తెచ్చింది.

మోదుగాకుల మీద రాసిన మొలక ఒరిజినల్ సర్టిఫికెట్లు గరికమ్మ చంకలో ఉన్నాయి. ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. ఒరిజినల్స్ ఏ కాలేజీ చేతిలో పెడితే మూడేళ్ళూ ఆ కాలేజీవే. మధ్యలో తిరిగిమ్మని అడిగితే ఆఫీసువాళ్ళకి చెవులు వినపడవు. ఉడత కొడుకు నిరుడు అలాగే ఇరుక్కున్నాడు. అందుకే గరికమ్మ ఆ కట్టని గట్టిగా అదిమి పట్టుకుంది.

వాగొడ్డున తాబేలు మేడం కాలేజీ ముందు మొలక ఆగింది. బోర్డు సగం చెదలు తినేశాయి. లోపల పదకొండు మంది పిల్లలు ఒక ఎండిన పీత మీదకి వంగి ఉన్నారు.

"దీన్లోనా?" అంది గరికమ్మ.

అంతలో చెట్టు మీంచి చిలుక దిగింది. నక్కగారి కాలేజీకి పీఆర్వో.

"అటు చూడకండక్కా! ఆ మేడం ఒక్క ప్రాక్టికల్ మూడు రోజులు చేయిస్తుంది. తప్పొస్తే మళ్ళీ చేయిస్తుంది. మా దగ్గర అలాంటి బాధలేవీ లేవు. రికార్డులన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి, పాప పేరు రాసుకుంటే చాలు."

"ల్యాబ్ ఉందా అండీ?" అంది మొలక.

"ఉందా ఏంటమ్మా! సీసాలు చూస్తే కళ్ళు తిరుగుతాయి."

నక్కగారి కాలేజీకి ఆ పొద్దున్నే రంగులు వేశారు. నక్క గేటు దాకా ఎదురొచ్చింది.

"రా చెల్లెమ్మా, సమయానికొచ్చావు! ఇవాళ తనిఖీ కమిటీ వస్తోంది. మా పిల్లలంతా... కాస్త సెలవుల్లో ఉన్నారు. ఒక్క గంట మీరే కూర్చోండి. చిన్నోళ్ళిద్దరూ ఫస్టియర్, పాప థర్డియర్, నువ్వు సెకండియర్."

"నేను అయిదో తరగతే చదివానండీ."

"మా సెకండియర్‌కి అది ఎక్కువే."

ఫిజిక్స్ సారు ఎర్రగా వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళాడు. కెమిస్ట్రీ సారు పచ్చగా వచ్చాడు. బోటనీ సారు గోధుమరంగులో వచ్చాడు. ముగ్గురికీ తోక ఒకేచోట విరిగి ఉంది. గరికమ్మ ఆ ఊసరవెల్లి మొహం వంక చూసి, చంకలో కట్టని ఇంకాస్త అదిమింది.

కమిటీ అంటే ఎలుగుబంటి. వస్తూనే తేనెపట్టు ఎక్కడుందని అడిగి, అది తిన్నాక ల్యాబ్ ఎక్కడని అడిగింది.

ల్యాబ్‌లో రెండు పెద్ద గాజు జాడీలున్నాయి. ఒకదానిలో జెర్రిపోతు చుట్ట చుట్టుకుని ఉంది. ఇంకోదానిలో కప్ప, వెల్లకిలా. మిగతా సీసాల్లో ఏదో రంగునీళ్ళు.

"చచ్చిన పాముకి కళ్ళు తెరిచి ఉన్నాయేమిటి?" అంది ఎలుగు.

ఊసరవెల్లికి ఎర్ర, పచ్చ, గోధుమ మూడు రంగులూ ఒకేసారి వచ్చాయి.

"పాముకి రెప్పలుండవండి," అంది మొలక. "కన్ను మీద అద్దంలా పొర ఉంటుంది. బతికున్నా మూయలేదు."

"భేష్! ఈ పాప మీ విద్యార్థా?"

"మా టాపరండి," అంది నక్క కళ్ళు తుడుచుకుంటూ.

చిలుక గరికమ్మ చెవిలో ఊదింది. "చూశారా అక్కా? చేరకముందే టాపర్ని చేశాం. ఇహ ఒరిజినల్స్ ఇచ్చేయండి."

గరికమ్మ కూతురి మొహం చూసింది. పిల్ల వెలిగిపోతోంది. కూతుర్ని ఎవరైనా భేష్ అంటే ఏ తల్లి మనసు కరగదు? కట్ట చంకలోంచి బయటికి వచ్చింది. చిలుక ముక్కు చాచింది.

సరిగ్గా అప్పుడు వాన దిగింది.

బయట గుంటల్లో కప్పలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. జాడీలో కప్ప పొట్ట ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బింది. పాపం, ఎంత బిగపట్టినా తొలకరికి బదులివ్వకుండా ఏ కప్ప ఉండగలదు?

"బెక!"

పక్క జాడీలోంచి నాలుక బయటికొచ్చింది. జెర్రిపోతు కదలకూడదన్న షరతు మీద పనిలో చేరింది గానీ, ఆకలేయకూడదన్న షరతు మీద కాదు. మూడు రోజులుగా మూడు కాలేజీల్లో కదలకుండా పడి ఉంది మరి.

జాడీలు బల్ల మీంచి దొర్లాయి. కప్ప ఎగిరింది. పాము లేచింది. బల్ల కిందున్న దూది, పత్తి కెవ్వుమన్నారు. నక్క కమిటీని తోసుకుని కిటికీలోంచి దూకింది. గరికమ్మకి తర్వాత గుర్తున్నది ఇంతే. చంకలో కట్ట, ఒక చేతిలో దూది మెడ, ఇంకో చేతిలో పత్తి చెవి, "మొలకా, పరిగెత్తు!" అన్న తన గొంతు.

ఎలుగు మాత్రం బల్లెక్కి కూర్చుని నివేదిక రాసింది. "ఈ ప్రయోగశాలలో జీవశాస్త్రం ఉట్టిపడుతోంది. గుర్తింపు ఇవ్వడమైనది. షరతు: సజీవ నమూనాను ల్యాబ్ నుండి కదిలించరాదు. నెలనెలా వచ్చి చూడబడును."

అప్పట్నుంచి జెర్రిపోతుది పర్మనెంటు ఉద్యోగం. నక్కగారు సొంత కాలేజీలో అడుగు పెట్టి ఎరగరు.

వాగు దగ్గరికి వచ్చాక గరికమ్మ ఊపిరి పీల్చుకుంది. వీపు మీద ఏదో చల్లగా తగిలింది. కప్ప.

"ఏమనుకోకమ్మా, నీ వీపే దగ్గర్లో ఉంది," అంది కప్ప. "ఈ అడవిలో నాలుగు కాలేజీల్లో శవాన్ని నేనే. పనికిరావు పొమ్మన్నది ఈ తాబేలు మేడం ఒక్కతే. 'నీ గుండె కొట్టుకుంటోంది, నా పిల్లలు కనిపెట్టేస్తారు' అంది."

గరికమ్మ సగం చెదపట్టిన బోర్డు వైపు తిరిగింది.

తాబేలు మేడం కళ్ళద్దాలు సర్దుకుని మొలకని చూసింది. "ఎండు పీతకి కాళ్ళెన్ని?"

మొలక దగ్గరికెళ్ళి లెక్కపెట్టింది. "పది ఉండాలి మేడం. దీనికి తొమ్మిదే ఉన్నాయి."

"రేపట్నుంచి రా."

గరికమ్మ తడిసిన కట్ట ముందుకు చాచింది.

"ఒరిజినల్స్ నాకెందుకమ్మా? చదివేది పిల్ల. జిరాక్స్ చాలు."

సాయంత్రానికి వాన వెలిసింది. బొరియ గుమ్మంలో నిలబడి గరికమ్మ వేళ్ళు మడిచింది. దూది, ఒకటి. పత్తి, రెండు. మొలక, మూడు. ఒరిజినల్స్, నాలుగు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. అయిదొచ్చింది. కప్ప ఇంకా వీపు మీదే ఉంది.

నీతి: కాలేజీ ఎలాంటిదో అక్కడ చదివినవాళ్ళని అడక్కండి, అక్కడ చచ్చినవాళ్ళని అడగండి.