అత్తగారు కూర్చునే సీను

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కూర్చుంటూనే ఉన్నాను. ఇప్పుడు కూర్చోవడం నువ్వు నేర్పుతావా?" అన్నారు అత్తగారు, వెనక మెట్టు మీంచి లేవకుండానే.

వాదన అప్పటికే చాలా దూరం వచ్చింది. కోడలు ఫోను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని బట్టల తీగ కింద నిలబడి ఉంది. ఆరేసిన దుప్పటి గాలికి ఎగిరి మాటిమాటికీ ఆమె మొహం మీద పడుతోంది.

"నేర్పడం కాదత్తయ్యా. కాస్త ఆశగా కూర్చోమంటున్నాను. అంతే."

"దేని మీద ఆశ?"

"అది మా స్టూడియోవాళ్లు చెప్పలేదు."

వంటింటి కిటికీలోంచి మనవరాలు తల బయటపెట్టింది. "నానమ్మ కూర్చుంటే బస్సు తప్పిపోయినట్టుందమ్మా. ఆశంటే బస్సు వస్తున్నట్టుండాలి."

"అమ్మా, కొంచెం నడుం నిలబెట్టు," అన్నాడు కొడుకు, సైకిలు చక్రానికి గాలి కొడుతూ. అతను నడుంనొప్పికి బెల్టు వాడుతున్న మనిషి.

ఒక ముసలావిడ ఎలా కూర్చోవాలన్న విషయంలో ఆ ఇంట్లో ఇంతమందికి ఇన్ని నిశ్చితాభిప్రాయాలు ఉన్నాయని మొన్నమొన్నటి దాకా ఎవరికీ తెలియదు. ఆవిడకైతే అసలే తెలియదు. అంతకుముందు ఆవిడ పని ముగించుకుని సాయంత్రం ఆ మెట్టు మీద కూర్చుంటే, ఇంటిల్లిపాదీ ఆవిడను దాటుకుని చెత్తడబ్బా దగ్గరికి వెళ్లొచ్చేవారు. "కాస్త జరుగు" అన్న మాట తప్ప ఆ సమయంలో ఆవిడతో వేరే మాట అవసరపడేది కాదు.

ఇప్పుడిదంతా కళ కోసం జరుగుతోంది.

కోడలు పనిచేసే స్టూడియో ఒక పుణ్యకార్యం తలపెట్టింది. చాలా ఏళ్ల కిందట జపాన్‌లో కొందరు కాగితాల మీద ఒక్కొక్క బొమ్మే చేత్తో గీసి, రంగులద్ది, ఒక సినిమా తీశారు. దారి తప్పి వచ్చిన మేఘాలకు దారి చెప్పి పంపే ఒక ముసలమ్మ కథ అది. పాపం, వాళ్లకు కంప్యూటర్లు లేవు. అందువల్ల సినిమా బాగా వచ్చింది. ఆ లోపాన్ని సరిదిద్ది, అదే సినిమాను కంప్యూటర్ మీద కొత్తగా తయారుచేసి లోకానికి అందించాలని స్టూడియో యాజమాన్యం సమావేశమై, సుదీర్ఘంగా చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించింది. "ఆ పాత సినిమా మీద మాకున్న భక్తి మాటలకందనిది," అని దర్శకులవారు ప్రకటించారు. అందులో ఏమేం మార్చాలో మర్నాడే చీటీలు రాసి గోడకు అంటించడం మొదలుపెట్టారు. గోడ చాల్లేదు.

దర్శకులవారిని స్టూడియోలో చాటుగా హృదయంగారు అనేవారు. ఎవరు ఏ బొమ్మ చూపించినా ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "అన్నీ ఉన్నాయి, హృదయం లేదు," అనేవారు. తలుపు గడియ బొమ్మ చూపించినా అదే మాట.

ఆ పాత సినిమా నడిమధ్యలో ఒక సీనుంది. మేఘాలన్నీ వెళ్లిపోయాక ముసలమ్మ గడప మీద కూర్చుంటుంది. అంతే. చూరు నుంచి ఒక చుక్క పడుతుంది. ఆవిడ కాలు కొంచెం లోపలికి లాక్కుంటుంది. ఎక్కడో తలుపు చప్పుడవుతుంది. తిరిగి చూడదు. కోడలు చదువుకునే రోజుల్లో ఆ సీను చూసి, ఇంటికెళ్లే దారి మరిచిపోయి వేరే వీధిలో తేలింది. బొమ్మలు కదిలించే విద్య నేర్చుకున్నది ఆ తర్వాతే. అందుకే స్టూడియోలో అందరూ పోట్లాటలూ పరుగులూ మెరుపులూ పంచుకుంటున్న రోజున, "ఆ కూర్చునే సీను నాకివ్వండి," అని పట్టుబట్టి తీసుకుంది. పోటీకి ఎవరూ రాలేదు. ఆ ఒక్క సీనూ చెడకుండా బయటపడితే చాలు, ఈ ఉద్యోగంలో చేరినందుకు అర్థం ఉన్నట్టే అనుకుంది. జీతం పెంచమని కూడా ఆమె ఎన్నడూ అంత గట్టిగా అడగలేదు.

బొమ్మలు కదిలించేవాళ్లకు ఒక పద్ధతుంది. బొమ్మ చేత ఏం చేయించాలన్నా ముందు మనిషి చేసి, దాన్ని వీడియో తీసుకుని, అది చూస్తూ బొమ్మను కదిలిస్తారు. దాన్ని రిఫరెన్స్ అంటారు. బొజ్జలు పెరిగిన పెద్దమనుషులు స్టూడియో అద్దం ముందు పిల్లుల్లా పాకుతుంటారు, ఎవరూ తలెత్తి చూడరు. కోడలు కూడా అద్దం ముందు కూర్చుంది. కాసేపటికి చెయ్యి దానంతటదే ఫోను కోసం వెతికింది. ఫోను దూరంగా పెట్టి మళ్లీ కూర్చుంది. ఈసారి కాలు ఊగింది. ఊరికే కూర్చోవడం తనకు చేతకాదని ఆమెకు తెలిసొచ్చింది. చేతనైన మనిషి ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఆ సాయంత్రం చెత్త పారేయబోతూ, "కాస్త జరగండత్తయ్యా," అంటుండగా తట్టింది.

మొదటి వీడియో అద్భుతంగా వచ్చింది. తీస్తున్నట్టు అత్తగారికి తెలియకపోవడమే కారణం. తర్వాత చూపించి, వాడుకోనా అని అడిగితే, "ఇందులో చూడ్డానికేముంది?" అన్నారు. అని, మళ్లీ పెట్టమన్నారు.

ఆ సీను చేసి చూపిస్తే హృదయంగారు కళ్లు మూసుకున్నారు. ఇంకేముంది, ఉన్నతస్థాయి సమీక్షా సంఘం నుంచి సూచనలు రావడం మొదలైంది. ముసలమ్మ కూర్చోవడంలో లక్ష్యం కనిపించడం లేదు. లక్ష్యంతో కూర్చోబెడితే, ఇప్పుడు నిష్ఠూరంగా ఉంది, ఆశ కావాలి. ఆశ పెడితే చురుకుదనం తగ్గింది. ముసలితనం మరీ ముసలిగా ఉందన్నారు. ముడతల విభాగం వాళ్లు వారాల తరబడి కష్టపడి మొహం నిండా పరిచిన ముడతలను ఒక్కొక్కటే వెనక్కి తీసుకున్నారు. ఆఖరికి నుదుటి మీద ఒక్కటి మిగిల్చి, అది అనుభవానికి చిహ్నమని రాసుకున్నారు. చూరు నుంచి పడే చుక్కలో ఇల్లంతా తలకిందులుగా కనిపించడానికి గొప్ప చదువులు చదివినవాళ్లు ఇద్దరు రాత్రింబవళ్లు పనిచేశారు. చుక్క బ్రహ్మాండంగా వచ్చింది. దాని ముందు ముసలమ్మ తేలిపోతోందని, ఆవిడను కొంచెం పక్కకు జరిపారు.

ప్రతి సూచనా ఇంటికొచ్చేది. అత్తగారు లక్ష్యంతో కూర్చున్నారు. నిష్ఠూరం లేకుండా కూర్చున్నారు. యువతరానికి దగ్గరగా కూర్చోమంటే, మనవరాలి పక్కకు జరిగి కూర్చున్నారు. విసుక్కుంటూనే, పిలవకముందే తల దువ్వుకుని మెట్టు మీదికి వచ్చేసేవారు. కొడుకు కుర్చీ తెచ్చుకుని ఎదురుగా వేసుకునేవాడు. మనవరాలు ఆవిడ గడ్డం పట్టుకుని ఇటు తిప్పేది, అటు తిప్పేది. "నానమ్మా, నీకు ఇక్కడ పుట్టుమచ్చ ఉందా?" అని ఆశ్చర్యపోయింది ఒకరోజు. "నీకన్నా ముందు నుంచీ ఉంది," అన్నారావిడ.

సినిమా సగం తయారయ్యాక ప్రేక్షకాభిప్రాయ సేకరణ జరిగింది. కొన్ని కుటుంబాలను పిలిచి చీకటి హాల్లో కూర్చోబెట్టారు. ముసలమ్మ గడప మీద కూర్చోగానే హాలంతా వెలుగు నిండింది. అందరూ ఫోన్లు తీశారు.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కోడలు ఆ సీనును ముందున్నట్టు ఉంచమని బతిమాలుకుంది.

"ఒక్కటే ప్రశ్న," అన్నారు హృదయంగారు. "ఈ సీన్లో ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదండీ. ఆవిడ కూర్చుంటుంది."

"కూర్చుని?"

"కూర్చునే ఉంటుంది."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. హృదయంగారు లేచి నిలబడ్డారు. "మిత్రులారా, నిశ్శబ్దాన్ని నాకన్నా గౌరవించేవాడు ఈ రంగంలో లేడు. ఒంటరిగా ఉన్నప్పుడు నేను నిశ్శబ్దం వినడానికి హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాను. కాని ఈ నిశ్శబ్దం ఉంది చూశారూ, ఇది మరీ చప్పుడు లేకుండా ఉంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక చిన్న మేఘం తిరిగొచ్చి, "బామ్మా, బోర్ కొట్టట్లేదా?" అని అడగాలని, ఆపైన ఇద్దరూ కలిసి చిందెయ్యాలని నిర్ణయమైంది. చిందెయ్యడానికి రిఫరెన్స్ వేరేచోట దొరికింది. అయితే మూలాన్ని అవమానించడం సంఘం ఉద్దేశం కాదు గనక, కూర్చునే సీనును తీసేయకుండా, సకల గౌరవాలతో కథంతా అయిపోయాక, పనిచేసినవాళ్ల పేర్లు పడేచోట ఒక పక్కన ఉంచుతామన్నారు.

కోడలు ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటికి ఆమెకొక సంగతి బోధపడింది. పేర్లు పడేచోటికి సూచనలు రావు. అక్కడేముందో సంఘం చూడదు. లక్ష్యం, ఆశ, చురుకుదనం ఉన్న వీడియోలన్నీ పక్కన పడేసి, అత్తగారికి తెలియకుండా తీసిన మొట్టమొదటి దాన్ని బయటికి తీసింది. ముడతలన్నీ తిరిగి పెట్టింది. పుట్టుమచ్చ కూడా పెట్టింది.

సినిమా విడుదలైన రోజు నలుగురూ వెళ్లారు. హాలు కిటకిటలాడుతోంది. మేఘం, బామ్మ చిందేసినప్పుడు ఈలలు పడ్డాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది కొడుకు. మనవరాలికి పాట అప్పుడే నోటికి వచ్చేసింది. కథ అయిపోయింది, దీపాలు వెలిగాయి, పేర్లు పడటం మొదలైంది. తెరకు ఎడమవైపు, చిన్నగా, ముసలమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

జనం లేచారు. "పదండి పదండి, గుంపు బయటపడకముందే బండి తీయాలి," అన్నాడు కొడుకు. వరస చివరి సీట్లో అత్తగారు కదల్లేదు. "కాస్త జరుగమ్మా," అన్నాడతను. ఆవిడ మోకాళ్లు పక్కకు తిప్పారు. తండ్రీ కూతుళ్లు ఆవిడను దాటుకుని వెళ్లిపోయారు.

కోడలు మాత్రం కూర్చుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన సీను. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను కదిలింది. హృదయంగారి సందేశం. రెండో భాగం ఖాయమైందట. చదివి, సంతోషమని జవాబు రాసి తలెత్తేసరికి తెర నల్లగా ఉంది. చీపుళ్లు పట్టుకుని ఇద్దరు హాల్లోకి వస్తున్నారు.

"కాలు లోపలికి లాక్కోవడం బాగా పెట్టావు," అన్నారు అత్తగారు లేస్తూ.

కోడలు ఫోను సంచీలో పడేసుకుని ఆవిడ వెనక నడిచింది.

ఆ పూట భోజనాల దగ్గర సందేశంలోని రెండో సగం చెప్పక తప్పలేదు. రెండో భాగం ముసలమ్మ చావుతో మొదలవుతుంది. ప్రేక్షకుల గుండె మొదట్లోనే బరువెక్కాలట. వచ్చే వారం లోపల రిఫరెన్స్ కావాలట.

"అంటే చావడం కూడా నేనే చేసి చూపించాలా?" అన్నారు అత్తగారు.

"ఊరికే కళ్లు మూసుకుని పడుకుంటే చాలు కదమ్మా," అన్నాడు కొడుకు. "అందులో కష్టమేముంది?"

"మెల్లిగా తల వాల్చాలి నాన్నా," అంది మనవరాలు. "పడుకుంటే నిద్రలా ఉంటుంది."

"వాళ్లకు నచ్చకపోతే మళ్లీ చేయమంటారు. అది మళ్లీ మళ్లీ అయ్యే పని కాదు," అన్నారు అత్తగారు. ఒక ముద్ద తిన్నారు. నీళ్లు తాగారు. తర్వాత, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పారు.

"రేపట్నుంచి సాయంత్రం ఆ మెట్టు మీద నేను కూర్చోను. మీరు ముగ్గురూ కూర్చోండి. నేను కిటికీలోంచి చూసి, ఎవరెలా కూర్చున్నారో చెప్తాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కూర్చుని ఏం చేయాలమ్మా?" అన్నాడు కొడుకు.

"కూర్చునే ఉండాలి."

"ఎంతసేపు?" అంది మనవరాలు.

"బాగా వచ్చేదాకా," అన్నారు అత్తగారు కంచం పట్టుకుని లేస్తూ. "ఫోన్లు లోపల పెట్టి రండి. కాస్త ఒక పక్కకు జరిగి కూర్చోండి. చెత్త పారేయడానికి నేను దాటుకుని వెళ్లాలిగా."