మొదటి పేజీలోనే పోయిన ఓరిన్

శుక్రవారం ఉదయానికి డెల్ఫా రక్‌మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. క్రైస్తవ రచయితల సభలో తన నవల మొదటి పేజీని పరిశీలనకు ఇవ్వాలి. ఆ పేజీ భర్త ఓరిన్ కంట పడకూడదు. భోజనానికి ముందు ఆయన చేత గుండె మాత్ర మింగించాలి. మంగళవారం ఆయనకు గుండె ఆపరేషన్.

పేజీ ఆయన కంట ఎందుకు పడకూడదంటే, అందులో ఆయన చచ్చిపోయి ఉన్నాడు.

జనవరిలో డాక్టరు ఓరిన్ ఛాతీ ఫోటో చూసి పెదవి విరిచిన రోజునే డెల్ఫా ఆ నవల మొదలుపెట్టింది. పోయేవాళ్లు చెప్పి పోరని ఆమెకు అనుభవం. తండ్రి గనిలోకి వెళ్లి రాలేదు. అన్న సైన్యంలోకి వెళ్లి రాలేదు. చెల్లెలు చెప్పులమ్మేవాడితో వెళ్లి, ఏడాదికొక క్రిస్మస్ కార్డు పంపి, తరవాత అదీ మానేసింది. ఈసారైనా ముందుగా సాధన చేసి ఉంటే దెబ్బ కాస్త తక్కువ తగులుతుందని ఆమె ఆశ. ఆ సాధన సంగతి ఆపరేషన్ బల్ల ఎక్కబోయే మనిషికి తెలిస్తే, పెళ్లాం తనను అప్పుడే పూడ్చిపెట్టేసిందనుకుంటాడని ఆమె భయం. అందుకే కాగితాలన్నీ వంటింట్లో పిండి డబ్బా వెనక దాచింది.

కొండమీది సభాప్రాంగణంలో ఓరిన్ కారు ఆపి, సీటు వెనక్కి వాల్చి, గోధుమరంగు టోపీ మొహం మీదికి లాక్కున్నాడు.

"లోపలికి రావా?"

"రెండొందల మంది రచయితలు ఒకే గదిలోనా? వద్దులే. నా గుండె మంగళవారం దాకా ఆగాలి."

"కాఫీ ఇస్తారట."

"చర్చి కాఫీయేగా, నీళ్లలా ఉంటుంది. కప్పు అడుగు ఇక్కడినించే కనిపిస్తోంది."

గుమ్మం దగ్గరి బల్ల మీద రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. ఒకటి మొదటి పేజీలకు, ఒకటి ప్రార్థన మనవులకు. రెంటి వెనకా విల్మా జీన్ హ్యాచర్ కూర్చుని ఉంది. ప్రార్థన గదికి ఆవిడే పెద్ద.

"కవరు మీద రిజిస్టరులో నీకిచ్చిన నెంబరు వేశావా తల్లీ? పేరు రాయకూడదు. రెంటికీ అదే రూలు."

"ప్రార్థనకి కూడా పేరు వద్దా అండీ?"

"ప్రభువుకి తెలుసు కదా. మాకు తెలియక్కర్లేదని పోయినేడు పెద్దలు తీర్మానం చేశారు." విల్మా జీన్ కొంచెం ముందుకు వంగింది. "నీ అంతట నువ్వు చెప్పుకుంటానంటే మాత్రం నేను చెవులు మూసుకోను."

"చెప్పుకునేంత ఏమీ లేదండీ," అంది డెల్ఫా.

ఆమె దగ్గర రెండు తెల్ల కవర్లు ఉన్నాయి. ఒకదానిలో నవల పేజీ, ఇంకొకదానిలో ప్రార్థన. ప్రార్థన కూడా అలవాటు కొద్దీ టైపు చేసింది, వరసకీ వరసకీ మధ్య రూలు ప్రకారం ఎడం వదిలి మరీ. సరిగా పెట్టానో లేదోనని ఇంటి దగ్గర ఒకసారి తీసి చూసింది. కారులో ఓరిన్ పెట్రోలు పోయించుకుంటుండగా ఒకసారి చూసింది. మెట్ల మీద మూడోసారి. మూడుసార్లూ సరిగానే ఉన్నాయి. బల్ల దగ్గర నాలుగోసారి తీసి చూసి, వెనక వరసలో ఎవరో దగ్గితే గాభరాపడి, దానిది దీనిలోనూ దీనిది దానిలోనూ పెట్టి, నాలిక తడితో అంటించి, పెట్టెల్లో వేసేసింది.

పదిగంటలకు విల్మా జీన్ ప్రార్థన గదిలో నలభై ఏడో నెంబరు కవరు చింపింది.

"గురువారం ఉదయం నా భర్త చనిపోయాడు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన ఇంకా కారులోనే కూర్చుని ఉన్నాడు, గోధుమరంగు టోపీ మొహం మీదికి దించుకుని. నేను భోజనం చేసి వచ్చాను. మళ్లీ ఆయన పక్కన కూర్చున్నాను. చెబితే తీసుకుపోతారు."

విల్మా జీన్ ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుంది. ప్రార్థన గదిలో చాడీలు నిషేధం. అయితే మనవి చేసేటప్పుడు ప్రభువుకు వివరాలు స్పష్టంగా ఉండాలి కాబట్టి, వివరాలు పంచుకోవడం చాడీ కిందకు రాదు. పదిన్నర లోపల ఆవిడ పదకొండు మందితో స్పష్టంగా ప్రార్థించింది. ఆ పదకొండు మందీ తలా కొందరితో ప్రార్థించారు. ఆ కబురు వంటింటికి చేరేసరికి శవానికి మూడు రోజులైంది. పుస్తకాల దుకాణం దగ్గర అది డిక్కీలోకి మారింది. వంటావిడ వెంటనే కోడిమాంసం, అన్నం కలిపిన పెద్ద పళ్లేన్ని ఓవెనులోకి తోసింది. ఆ కొండల్లో ఎవరింట చావు వచ్చినా ముందుగా ఓవెను వెలుగుతుంది. ఎవరో షెరీఫ్ ఆఫీసుకు ఫోను చేశారు.

రిజిస్టరులో నలభై ఏడో నెంబరు ఎవరిదో చూడటం రూలుకు విరుద్ధం. విల్మా జీన్ కళ్లు సగం మూసుకుని చూసింది.

అదే సమయానికి పెద్ద హాల్లో కరొలిన్ థాక్స్‌టర్ అనే సంపాదకురాలు మొదటి పేజీలను తెరమీద వేసి, పైకి చదివి, ఎర్ర కలంతో దిద్దుతోంది. ఇరవై ఆరేళ్లుగా పుస్తకాలు దిద్దుతున్న మనిషి. అప్పటికే ఆవిడ ఇద్దరు దేవదూతల్ని, ఒక వరదనీ కొట్టేసింది.

"నలభై ఏడు," అందావిడ.

వెనక వరసలో డెల్ఫా చేతిసంచీని రెండు చేతులా పట్టుకుంది. తెరమీద అక్షరాలు వెలిగాయి. అవి నవలలో అక్షరాలు కావు.

"ప్రభువా, మంగళవారం ఓరిన్ గుండె కోస్తారు. ఆయనకి భయం లేదట. నాకుంది. నలభై తొమ్మిదేళ్లుగా ఈయన గురక ఆగితే నాకు మెలకువ వస్తోంది. ముందే ఆయన్ని పోగొట్టుకోవడం సాధన చేస్తున్నాను, క్షమించు. నీ చిత్తమే జరగాలి."

కరొలిన్ కలం మూత తీసింది. "మంగళవారం. బాగుంది. ఊరూ వాతావరణమూ అంటూ కాలయాపన లేదు. గురక, అదీ బాగుంది. కానీ ఈమె మాట్లాడేది ఎవరితో? ప్రభువుతో. సరే. ఆ ప్రభువు ఈ పేజీలో ఏమన్నా చేస్తున్నాడా? లేదు. కదలడు, పలకడు. ఈ పాత్ర ఇంకా నిలబడలేదు."

ముందు వరసలో ఒక పాస్టరుగారు సర్దుకుని కూర్చున్నారు.

"ఇక చివరి వాక్యం. 'నీ చిత్తమే జరగాలి.' ఇది ఈమె రాసింది కాదు. అలవాటు రాసింది. పైనున్న అయిదు వాక్యాలు రాసిన మనిషి ఈ మాట నమ్మదు. నమ్మనిది రాయకండి." ఆవిడ ఎర్రగీత గీసింది. గీత తెరమీద ఆరడుగుల పొడవున పడింది.

డెల్ఫా లేచి నిలబడింది. తన మనవిలోంచి ప్రభువు చిత్తాన్ని ఒక పరాయి మనిషి కొట్టేస్తుంటే అడ్డుపడాలనే లేచింది. కానీ ఆ ఎర్రగీత చూస్తే మనసు భయమేసేంత తేలికపడింది.

అంతలో తలుపు తెరుచుకుంది.

"సిస్టర్ డెల్ఫా రక్‌మన్ ఎక్కడ?" అంది విల్మా జీన్, రొప్పుతూ. "దాచుకోకమ్మా, తల్లీ. మాకు తెలిసిపోయింది. కారులో ఉన్నాడుగా?"

"ఎవరు?"

"నీ ఆయన. గురువారం నించీ."

తన పేజీ ఎక్కడికి పోయిందో డెల్ఫాకు అప్పుడు అర్థమైంది. "అయ్యో, అది ఆయన చూడకూడదు," అంది. ఆ మాటతో హాల్లో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది. చనిపోయినాయన ఏదో చూడకూడదంటోంది, పాపం మతి చెదిరింది, అని రెండొందల మంది లేచారు.

వాళ్లు పార్కింగు చేరేసరికి షెరీఫ్ డిప్యూటీ అక్కడే ఉన్నాడు. కారులో మనిషి, టోపీ, అన్నీ కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. జనం చుట్టూ నిలబడి కారు మీద చేతులుంచారు. విల్మా జీన్ ప్రార్థన ఎత్తుకుంది. డిప్యూటీ తన టోపీ తీసి, అద్దం మీద వేలితో కొట్టాడు.

ఓరిన్ ఉలిక్కిపడి లేచాడు. మోచెయ్యి హారను మీద పడింది. నలుగురైదుగురు మోకాళ్ల మీద పడ్డారు.

"లేచాడు," అంది విల్మా జీన్ నీరసంగా. ప్రార్థనలో ఆవిడ అడిగింది ఓదార్పు మాత్రమే.

ఓరిన్ అద్దం దించి అందరినీ చూశాడు. "భోజనాలయ్యాయా?"

"మీరు చనిపోయారని సమాచారం వచ్చిందండీ," అన్నాడు డిప్యూటీ.

"ఎవరిచ్చారు?"

విల్మా జీన్ కాగితం అందించింది. డెల్ఫా జనాన్ని తోసుకుని వచ్చేసరికి ఓరిన్ కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాడు. ఆమె కారు తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన చివరిదాకా చదివి, కాగితం మడిచాడు.

"ఓరిన్, అది కథ. ఉత్త కథ."

"ఫిబ్రవరిలోనే చదివాను."

"ఎలా?"

"పిండి డబ్బా వెనక పెట్టావు. రొట్టెలు నువ్వు చేస్తావు. పిండి ఎవరు నింపుతారే?"

డెల్ఫా ఆయన చేతిలోంచి కాగితం లాక్కుంది.

"బాగానే రాశావు. మొదటి పేజీలోనే చంపేశావు, అదొక్కటే బాలేదు. పదో పేజీ దాకా ఉంచాల్సింది."

"మొదట్లోనే పట్టుకోవాలంటారు, చదివేవాళ్లని."

"నువ్వొక్కదానివే రాస్తున్నావనుకుంటున్నావా?" అని ఓరిన్ కారు ముందు అర తెరిచి, కాగితాల కట్ట ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. పసుపు కాగితాలు, పెన్సిలు రాత, పదకొండు పేజీలు. పైన 'నేను లేనప్పుడు' అని ఉంది. ఇంటి పైకప్పు ఎక్కడ కారుతుందో, ట్రక్కు ఎవరికి అమ్మకూడదో, నేలమాళిగలో ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఎలా వెలిగించాలో, అన్నీ ఉన్నాయి.

డెల్ఫా భుజం మీదుగా కరొలిన్ థాక్స్‌టర్ చదవసాగింది. చేతిలో ఎర్ర కలం మూత తీసే ఉంది. రెండు పేజీలు చదివి, మూత పెట్టేసింది.

"ఇది రాసిందెవరు?"

"నేనే. తప్పులుంటాయి," అన్నాడు ఓరిన్.

"ఉన్నాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వకండి," అంది కరొలిన్. డెల్ఫా నవల గురించి ఆవిడ అప్పుడూ ఏమీ అనలేదు, తరవాతా అనలేదు.

చావు కోసం వండిన పళ్లెం వృథా పోకూడదని ఆ మధ్యాహ్నం చనిపోయినాయనకే మొదట వడ్డించారు. ఆయన రెండోసారి కూడా వేయించుకున్నాడు. మాత్ర మింగించడం డెల్ఫా మరిచిపోయింది.

మంగళవారం ఆపరేషన్ చక్కగా జరిగింది. ఇది ప్రార్థన ఫలమని విల్మా జీన్ కార్డు రాసింది. వేసవి అంతా ఓరిన్ తోటలో తిరిగాడు. సెప్టెంబరు చివర్లో, భయపడటం డెల్ఫా దాదాపు మానేసిన రోజుల్లో, ఒక ఆదివారం వంటింటి బల్ల దగ్గర యాపిల్ పండు తొక్క తీస్తూ పోయాడు. గురువారం కాదు. కారులో కాదు. టోపీ మేకుకు వేలాడుతోంది. తొక్క తెగకుండా ఒకే చుట్టగా బల్ల మీద మిగిలింది. సాధన చేసినదానిలో ఒక్క ముక్క కూడా పనికిరాలేదు.

అక్టోబరులో చలి పడింది. డెల్ఫా పసుపు కాగితాలు పట్టుకుని నేలమాళిగలోకి దిగి, ఫర్నేస్ ముందు మోకాళ్ల మీద కూర్చుని, తొమ్మిదో పేజీ చదివింది.

"ఎర్ర గుండీ నొక్కి పట్టుకుని అగ్గిపుల్ల చూపించు. మంట అంటుకోగానే వదిలెయ్యకు. అరవై దాకా లెక్కపెట్టు. నీకు ఆదుర్దా ఎక్కువ, నలభై దగ్గరే వదిలేస్తావు. అప్పుడది ఆరిపోతుంది. ఏం ఫరవాలేదు, మళ్లీ మొదలుపెట్టు."

ఆమె అగ్గిపుల్ల గీసి, గుండీ నొక్కి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నలభై దగ్గర వదిలేసింది.