చిన్నల్లుడి మీడియం

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళాయన మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. డైవింగ్ సామాన్ల షాపు తెరవగానే వెళ్ళి ఒక మాస్క్ కొనాలి. దాన్ని తీసుకెళ్ళి తన కళ్ళజోళ్ళ షాపులో, ఫ్రేముల బీరువా వెనకాల దాచెయ్యాలి. తర్వాత షాపు దగ్గరికి కారులో వచ్చే భార్యతో కలిసి, మామగారి పుట్టినరోజు భోజనానికి వేళకి చేరాలి. ఇందులో తప్పేమీ లేదు. అసలు ఆయనకి మాస్క్ ఎందుకు కావలసి వచ్చిందన్న దగ్గరే ఉంది తప్పంతా.

మామగారు ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. నేల మీద బతికేవాళ్ళంటే ఆయనకి జాలే తప్ప గౌరవం లేదు. అయినా పెద్దల్లుడన్న మర్యాదకొద్దీ, భోజనాల బల్ల దగ్గర తన పక్క కుర్చీ పెళ్ళైన నాటినుంచీ కళ్ళజోళ్ళాయనకే ఇస్తూ వచ్చారు. అలాంటిది ఒకనాడు చిన్నల్లుడు కుటుంబం గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. చుట్టూ చేపలు, మధ్యలో కళ్ళకి మాస్కూ నోట్లో గొట్టమూ పెట్టుకున్న నల్లటి ఆకారం. కింద "మన ఇంటి డైవర్" అని రాసి ఉంది.

మామగారు ఆ ఫొటోని ఫ్రేము కట్టించారు. తర్వాతి భోజనానికి వెళ్ళేసరికి "రావయ్యా, ఇలా నా పక్కన కూర్చో" అంటూ ఆ కుర్చీని స్వయంగా లాగి చిన్నల్లుడికి ఇచ్చారు. పెద్దల్లుడికి ఫ్రిజ్ పక్కన మడత కుర్చీ దక్కింది. ఎవరు మంచినీళ్ళు అడిగినా ఆయన లేచి, కుర్చీ మడిచి, ఫ్రిజ్ తలుపుకి దారి ఇవ్వాలి. ఆ పూట ఆయన తిన్నదేదీ ఒంటికి పట్టలేదు. కుళ్ళు మాత్రం బాగా పట్టింది.

మర్నాడే ఎవరికీ చెప్పకుండా డైవింగ్ క్లాసులో చేరాడు. అక్కడి శిక్షకుడు మొదటి రోజే చెప్పాడు. "కొత్తవాళ్ళు మాస్క్ ఒక్కటే సొంతంగా కొనుక్కోండి. మిగతావన్నీ మేమిస్తాం. నాలుగుసార్లు నీళ్ళలోకి దిగాక మీకేం కావాలో మీకే తెలుస్తుంది."

షాపు యజమానురాలు పొట్టి జుట్టావిడ, మాటలు కూడా అంతే పొట్టి. "పట్టీ వెనక్కి వేసుకోకండి. ఊరికే మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేతులు వదిలేసినా పడిపోకపోతే అది మీ మాస్క్" అంది. కళ్ళజోళ్ళాయనకి ఈ మాటలు చెవికి ఇంపుగా తగిలాయి. జీవితమంతా ఆయన తన షాపుకొచ్చే వాళ్ళకి చెప్పేది అదే కదా: పక్కవాడి మొహానికి నప్పిన ఫ్రేము మన ముక్కు మీద నిలబడదండీ అని. ఓపిగ్గా ఒక్కొక్కటే పెట్టి చూసుకుని, చక్కగా అతుక్కున్న మాస్క్ ఒకటి ఎంచుకున్నాడు. అప్పుడే బయటికి వచ్చేసి ఉంటే కథే లేదు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఫోన్లో చిన్నల్లుడి మొహం కనబడే మామూలు ఫొటో ఒకటి తీసి చూపించాడు. "ఈయన మా తోడల్లుడు. మీ దగ్గర ఏమైనా కొన్నాడా?"

"ఆ, వచ్చారు. రబ్బరు సూటు తీసుకెళ్ళారు. మీడియం."

కళ్ళజోళ్ళాయన నోరు తెరిచాడు. చిన్నల్లుడి పొట్ట ఆయనకి తెలియనిది కాదు. కుటుంబమంతా నిలబడి ఫొటో దిగితే, ఆ పొట్ట ఎప్పుడూ అందరికంటే ఒక వరస ముందుంటుంది. "ఆ పొట్టకి మీడియమా?"

"తీసుకెళ్ళింది మీడియమే. మీకు మాత్రం రెండు సైజులు పైకి వెళ్ళాలి. ఆగండి, టేపు తెస్తాను."

"టేపు అక్కర్లేదు. ఆయనకి పట్టింది నాకు పట్టదా? మీడియమే ఇవ్వండి."

"మీరు నేర్చుకుంటున్నారు. మీకిప్పుడు సూటే అక్కర్లేదండీ."

"ఆయనకి అక్కరొచ్చిందిగా!"

ఆవిడ మీడియం సూటు తీసి బల్ల మీద పెట్టింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుంటానంటే, కర్రు కాల్చి ఇవ్వడమే షాపువాళ్ళ పని.

తన షాపుకి వచ్చి, సగం షట్టరు దించి, కళ్ళు పరీక్షించే చీకటి గదిలోకి వెళ్ళాడు. ఒక్కసారి వేసుకుని, అద్దంలో ఫొటో తీసి, భోజనానికి ముందే గ్రూపులో పడెయ్యాలన్నది ఆయనకి అప్పటికప్పుడు తట్టిన ఆలోచన. కాళ్ళకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుంటే సూటు జారుతుందని ఎక్కడో విన్నాడు. నిజంగానే జారింది, తొడల దాకా. అక్కడినుంచి పైకి ఒక్కొక్క అంగుళమూ ఒక్కొక్క యుద్ధం. గోడకి వేలాడుతున్న అక్షరాల బోర్డుని పట్టుకుని ఎగిరాడు. కుర్చీ మీద వాలి, నేల మీద పొర్లి, చివరికి ఊపిరి బిగబట్టి, వీపు వెనక జిప్పుకి కట్టి ఉన్న పొడవాటి తాడుని లాగాడు. జిప్పు సగం పైకి వెళ్ళి, బనీను అంచుని కరుచుకుని, రెండు భుజాల మధ్య బిగుసుకుపోయింది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు.

షాపావిడకి ఫోన్ చేశాడు. "కత్తెర పెట్టకండి, పాడైపోతుంది" అంది ఆవిడ. "ఒంటిమీద నీళ్ళు పోసుకుని, మెడ దగ్గర్నించి లోపలికి పోనివ్వండి, వదులవుతుంది. ఎవరైనా సాయం ఉంటే మంచిది. మీ తోడల్లుడుగారిని అడగండి, అలవాటేగా."

చస్తే అడగను అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. ఈలోగా బయట షట్టరు మీద చప్పుడు.

"ఏమండీ, లోపలున్నారా? నాన్నకి వేళ తప్పితే కోపమొస్తుంది!"

భార్యకి చెబితే అది నిమిషంలో చెల్లెలికి చేరుతుంది, చెల్లెలి నుంచి చిన్నల్లుడికి. అందుకని సూటు మీదే ప్యాంటు ఎక్కించాడు. దాని హుక్కు పడలేదు. పైన వదులు చొక్కా వేసి, మెడ దాకా బొత్తాలు పెట్టి బయటికి వచ్చాడు, రెండు చేతులూ పక్కలకి కాస్త లేచి ఉండగా, ఎగరబోయే బాతులాగా.

"ఏంటండీ ఆ నిలబడ్డం?"

"నడుం పట్టేసింది."

"మరి చేతులు?"

"అవీ పట్టేశాయి."

కారు ముందు సీట్లో ఆయన మడత పడలేదు. వెనక సీట్లో దూలంలా అడ్డంగా పడుకోబెట్టి ఆవిడే నడిపింది. ప్రతి మలుపులోనూ వెనకనుంచి కీచుమని శబ్దం వస్తుంటే, కారుని బాగుచేయించాలి అని రెండుసార్లు అంది.

మామగారింట్లో అందరూ బల్ల చుట్టూ చేరి ఉన్నారు. ఆ రోజు పెద్దాయన మంచి హుషారుగా ఉన్నారు. పెద్దల్లుణ్ణి చూడగానే, ఏ జ్ఞానోదయం కలిగిందో ఏమో, తన పక్క కుర్చీ లాగి, "చాలా రోజులైంది నువ్వు నా పక్కన కూర్చుని. రా అల్లుడూ" అన్నారు.

ఏ కుర్చీ కోసం ఇంత పని చేశాడో ఆ కుర్చీ ఎదురుగా ఉంది. కూర్చుందామంటే మోకాళ్ళు వంగవు.

"పర్వాలేదు మామయ్యగారూ. నిలబడతాను."

"నా పుట్టినరోజు నాడు నా పక్కన కూర్చోనంటావా?"

"అదేం లేదండీ. నిలబడి తింటే అరుగుతుందని..."

మామగారు మొహం గంటు పెట్టుకున్నారు. బల్లకి అవతల చిన్నల్లుడు ఆ కుర్చీని ఆశగా చూసి, మామగారి వాలకం చూసి తల దించుకున్నాడు. సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మంలో అత్తగారు ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏదో వైరు కాలుతున్నట్టుంది. రబ్బరు వాసన."

మామగారు రివ్వున లేచారు. ఓడ మీద మంటంటే ఏమిటో తెలిసిన మనిషి. ఒక్క అంగలో వెళ్ళి మెయిన్ ఆపేశారు. ఫ్యాను ఆగింది. ఏసీ ఆగింది. కళ్ళజోళ్ళాయనకి సూటు లోపల చెమటలు ధారకట్టాయి. చెమటతో పాటు కొత్త రబ్బరు వేడెక్కింది. రబ్బరు వేడెక్కేకొద్దీ వాసన పెరిగింది.

"మెయిన్ ఆపినా వాసన ఎక్కువైందంటే గోడ లోపల అంటుకుందన్నమాట!" అన్నారు మామగారు. "అందరూ బయటికి! ఎవరూ పరిగెత్తద్దు!"

అందరూ పరిగెత్తారు. కళ్ళజోళ్ళాయన ఒక్కడే ఆజ్ఞ పాటించాడు, వేరే దారి లేక. పెరట్లో ఎండ నడినెత్తిన ఉంది. మామగారు చేతిలో టార్చితో గదిగదీ వెతికి బయటికొచ్చారు. "లోపల తగ్గింది. బయటికి వ్యాపించింది" అన్నారు అయోమయంగా. గోడ అవతలినుంచి తొంగిచూసిన పక్కింటావిడ కూడా ముక్కు ఎగరేసి, "వైరు కాదండీ. మీ పెద్దల్లుడుగారి దగ్గర్నించి వస్తోంది" అంది.

మామగారు దగ్గరికి వచ్చి, ఇంజను చుట్టూ తిరిగినట్టు అల్లుడి చుట్టూ తిరిగి వాసన చూశారు. "నీ మొహం ఏంటయ్యా అంత ఎర్రగా ఉంది?" అని ఆయన అడగడమూ, కళ్ళజోళ్ళాయన కళ్ళ ముందు పచ్చటి చుక్కలు తిరగడమూ, మనిషి నిలువునా గడ్డిమీద పడడమూ ఒకేసారి జరిగాయి.

భార్య గబగబా చొక్కా విప్పి, హుక్కు పడని ప్యాంటు కూడా లాగేసింది. అత్తగారు కెవ్వున కేక వేసింది. "అయ్యో అయ్యో, ఒళ్ళంతా బొగ్గైపోయింది! కరెంటు కొట్టింది అల్లుడికి!"

"మెయిన్ ఆపాను, కరెంటెక్కడిది?" అన్నారు మామగారు. వేలితో పొడిచి చూశారు. "ఇది ఒళ్ళు కాదే. సూటు. డైవింగ్ సూటు." ఆయన చిన్నల్లుడి వైపు తిరిగారు. "నువ్వు నిలబడి చూస్తావేమయ్యా? ఎప్పుడూ వేసుకునేదేగా, ఊపిరాడేలా తీసెయ్!"

చిన్నల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని సూటు ముందువైపంతా తడిమాడు. బొత్తాల కోసం వెతికాడు. తర్వాత చీలమండ దగ్గర పట్టుకుని మేజోడు తీసినట్టు లాగాడు. బావగారి బాధ చూడలేక మరదలే ముందుకొచ్చింది.

"మీరు తప్పుకోండి. జిప్పు వెనక ఉంటుంది. అక్కా, ఆ పైపు ఇలా అందుకో. బావా, గడ్డం కిందికి, భుజాలు ముందుకి. బిగపట్టకండి, గాలి వదిలెయ్యండి."

మొక్కలకి నీళ్ళు పట్టే పైపుని ఆయన మెడ దగ్గర సూటులోకి దూర్చింది. కరుచుకున్న బనీనుని సుతారంగా తప్పించింది, జిప్పు సర్రున దించింది, రెండు భుజాలూ వలిచింది, లోపలి వైపు బయటికి తిరగేస్తూ కాళ్ళ దాకా లాగి పడేసింది. ఉతికిన గుడ్డ పిండినంత సేపు కూడా పట్టలేదు. కళ్ళజోళ్ళాయన తడి బనీనుతో, నిక్కరుతో, అప్పుడే పుట్టినవాడిలా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

మామగారు కూతుర్ని చూస్తున్నారు.

"నీకెలా వచ్చమ్మా ఇది?"

మరదలు పైపు కట్టేసి వచ్చింది. "ఆ ఫొటోలో ఉన్నది నేనే నాన్నా. చిన్నప్పుడు ఈత నేర్చుకుంటానంటే వద్దన్నారుగా. చెబితే మళ్ళీ వద్దంటారని... అది ఈయనే అని మీరే అనుకున్నారు. మేం కాదనలేదు."

"సూటు నేనే వెళ్ళి కొన్నా, తనకోసం" అన్నాడు చిన్నల్లుడు, కళ్ళజోళ్ళాయన పక్కన గడ్డిలో కూలబడి. "నాకు బకెట్లో తల ముంచాలన్నా భయం అన్నయ్యా. కానీ పెళ్ళైనప్పట్నుంచీ ఫ్రిజ్ పక్కన కూర్చున్నవాణ్ణి. మామయ్యగారు పిలిచి పక్కన కూర్చోబెడితే, ఎలా కాదంటాను చెప్పు? నువ్వు ఆ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, చూసి ఎన్నేళ్ళు ఏడిచానో నీకేం తెలుసు?"

కళ్ళజోళ్ళాయన వలిచి పడేసిన సూటు వైపు చూశాడు. ఆ మీడియం మరదలి కొలతన్న సంగతి ఆయన బుర్రలోకి ఇప్పుడిప్పుడే ఇంకుతోంది.

మామగారు గొంతు సవరించుకున్నారు. అరుస్తారనుకుని అత్తగారు అడ్డం రాబోయింది. "ఎంత లోతుకి వెళ్ళావు?" అని మాత్రం అడిగారాయన.

"పద్దెనిమిది మీటర్లు."

"చెవులు నొప్పెట్టవూ?"

"దిగుతూ సర్దుకుంటాను నాన్నా."

"బతుకంతా నీళ్ళ మీదే తిరిగాను. అడుగున ఏముందో ఒక్కసారైనా చూడలేదు." ఆయన అక్కడే మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించారు. "ఏముంటుందో చెప్పు."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. వెలుతురు కిందికి దిగేకొద్దీ ఎర్రరంగు ముందు మాయమైపోతుందని, మన ఊపిరి మనకే పెద్దగా వినిపిస్తుందని, చేపలు మనల్ని ఏమాత్రం లెక్కచెయ్యవని. మెయిన్ వెయ్యాలన్న సంగతి అందరూ మర్చిపోయారు. భోజనం చల్లారిపోయింది. పక్కింటావిడ కూడా గోడ మీద మోచేతులాన్చి వింటూ ఉండిపోయింది. పెద్ద కూతురు మాత్రం గడ్డిలో పడున్న సూటుని ఎత్తి, దులిపి, తన ఒంటికి ఆనించి చూసుకుంది.

"ఏమండీ, ఇది నాకు సరిగ్గా సరిపోయేట్టుంది. మీరు క్లాసులో చేరినట్టేగా? ఆ చోటు నాకివ్వండి."

ఇప్పుడు ప్రతి ఆదివారమూ అక్కచెల్లెళ్ళిద్దరూ నీళ్ళలోకి దిగుతారు. మామగారు పడవలో కూర్చుని బుడగలు ఎటు పోతున్నాయో చూస్తుంటారు. తోడల్లుళ్ళిద్దరూ ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చుంటారు, ఒకరి తువ్వాలు మెత్తదనాన్ని ఇంకొకరు ఓరకంట కనిపెడుతూ.