అవగాహన పూర్తయిన ఆసుపత్రి

గత నెల ఒక మంగళవారం, సరిగ్గా భోజన విరామానికి ముందు, ఆ ఆసుపత్రి వైద్యులందరూ ఆటిజం ఉన్న పెద్దవాళ్లను సంపూర్ణంగా అర్థం చేసుకున్నారు. (ఆపరేషన్లలో ఉండిపోయినవాళ్లు భోజనం తర్వాత అర్థం చేసుకున్నారు.) అంతవరకూ ఆటిజం చిన్నపిల్లలకే ఉంటుందనీ, మీసాలొచ్చేసరికి పాలపళ్లలా దానంతటదే ఊడిపోతుందనీ అక్కడొక నమ్మకం ఉండేది. శిక్షణకు వచ్చిన ముఖ్య అవగాహనాధికారి ఆ నమ్మకాన్ని కూకటివేళ్లతో పెకలించి, తలా ఒక ధ్రువపత్రం చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా ఆసుపత్రి ముందు బ్యానరు లేచింది: ‘మిమ్మల్ని మేము అర్థం చేసుకున్నాం.’ వచ్చేవాళ్లు ఇంకా రానేలేదు.

ఆ బ్యానరు చూసి వచ్చిందే మన ప్లాన్లు గీసే ఆవిడ. ఇళ్లకూ దుకాణాలకూ ప్లాన్లు గీసే ఆఫీసులో ఆమెది పాత కుర్చీ. గోడ మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆమె కన్నుగప్పి పోలేదు. అయితే ఈమధ్య ఆఫీసులో మధ్య గోడలన్నీ కొట్టించేశారు (గోడలు గీసి బతికే ఆఫీసు అది), అందరినీ ఒకే హాల్లోకి తోలి, ఉత్సాహం కోసం పైన ఒక స్పీకరు బిగించారు. పక్కవాళ్ల ఫోను మాటలు, స్పీకరు పాట, ట్యూబులైటు జుమ్మనడం, ఎవరిదో కుర్చీ కిర్రుమనడం, అన్నీ ఆమె చెవికి ఒకే స్థాయిలో వినిపిస్తాయి. అందరూ వినకుండా ఊరుకోగలుగుతున్నారంటే అదేదో విద్య అనుకుంది పాపం. ఒక ప్లానులో వంటగదికి తలుపు పెట్టడం మరచిపోయిన రోజున, పాత సామాను పడేసే వెనక గదిలో కూర్చుని గీసుకుంటానని యజమానిని అడిగింది.

యజమాని చెడ్డవాడేం కాదు. డాక్టరు రాసిస్తే అలాగే కూర్చోమన్నాడు. రాయకపోతే ఒకటో తారీఖు నుంచి ముందు కౌంటర్లో కూర్చోవాలనీ, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుతుంటే అదే సర్దుకుంటుందనీ కూడా అన్నాడు. ఈత రానివాణ్ణి నూతిలోకి తోస్తే ఈత వస్తుందనే వర్గానికి చెందిన మనిషి.

ఆసుపత్రి నిబంధనలు ఎంతో ఆలోచించి రాసినవి. మొదటి నిబంధన ప్రకారం, తామే ఫోను చేసి, అపాయింట్‌మెంటు తీసుకుని, సమయానికి రాగలిగినవారికి సమస్య లేనట్టు; అలా రాలేనివారికి అపాయింట్‌మెంటు లేనట్టు. రెండో నిబంధన ప్రకారం, రోగి బాల్యానికి సాక్షిగా తల్లి వెంట రావాలి. (తల్లి లేనివారికి బాల్యం జరగనట్టుగా పరిగణింతురు.) అందుకని నెరిసిన జుట్టున్న కూతురూ, ఇంకా నెరిసిన తల్లీ కలిసి వచ్చారు.

అవగాహన కలిగాక ఆసుపత్రివాళ్లు ఇలాంటివారి కోసమే ‘సేదతీరే హాలు’ ఒకటి కట్టారు. అందులో దీపాలు రంగులు మారుస్తుంటాయి. ఒక యంత్రం నిమిషానికోసారి బుస్సుమని సెంటు చిమ్ముతుంది. పిల్లనగ్రోవి ఒకటే పాటను మళ్లీ మళ్లీ వాయిస్తుంది. అదీ చాలదని, ఆత్మీయ సహాయకురాలు వెనకనుంచి వచ్చి భుజం తట్టి ఎలా ఉన్నారని అడుగుతుంది. ప్లాన్లు గీసే ఆవిడ పంటిబిగువున అంతసేపూ కదలకుండా కూర్చుంది. లోపలికి పిలిచేసరికి ఆమె గురించి ‘హాలును బాగా ఆనందించారు’ అని అప్పటికే నమోదైపోయింది.

డాక్టరు మర్యాదస్తుడు. ధ్రువపత్రం తల వెనకే వేలాడుతోంది. కళ్లు కంప్యూటరు మీంచి తియ్యలేదు.

“ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడతారా?” అని కంప్యూటర్ని అడిగాడు.

“కనుబొమల మధ్య చూస్తానండీ. వాళ్లకి కళ్లలోకి చూసినట్టే ఉంటుంది. చిన్నప్పుడే నేర్చుకున్నాను.”

‘చూస్తారు’ అని డాక్టరు టైపు చేశాడు.

స్నేహితుల సంగతి అడిగితే ఒకావిడ ఉందని చెప్పింది. తనకైతే ఆ ఒక్కరూ లేరని డాక్టరు ఓదార్చాడు. మోతల గురించి చెప్పబోతే, మోత ఎవరికి ఇష్టమని నవ్వాడు. తర్వాత సాక్షి వంతు వచ్చింది.

“దీనికేం నాయనా, బంగారం,” అంది తల్లి. “చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబులు పట్టీ కత్తిరించందే తొడిగేది కాదు. అంతేగా మరి, ఎవరు తొడుగుతారు? మా ఇంట్లో అందరివీ నేనే కత్తిరిస్తాను. చుట్టాలొస్తే మటుకు వెళ్లి మంచం కింద దూరేది.”

“అప్పుడు మీరేం చేసేవారమ్మా?”

“నేను ముందే అక్కడ ఉండేదాన్ని కదా.”

ప్లాన్లు గీసే ఆవిడ తల తిప్పి తల్లిని చూసింది. ఈసారి కనుబొమల మధ్య కాదు. మంచం కింద అమ్మ ఉండేది తనను దాచడానికేనని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది.

వీళ్లింట్లో అందరూ ఇంతేనని డాక్టరు రాసుకుని, అందరూ ఇంతే గనక ఇది మామూలేనని తేల్చి, మొదటిసారి తలెత్తాడు. ముఖం వెలిగిపోతోంది. “శుభవార్త అమ్మా. మీకేమీ లేదు. ఇంత చక్కగా మాట్లాడుతున్నారు, ఆటిజం ఏమిటి?”

“ఈ మాటలన్నీ వారాల తరబడి అద్దం ముందు నిలబడి చెప్పుకున్నవండీ. మీరు అడగని ప్రశ్నలకి కూడా నా దగ్గర జవాబులున్నాయి.”

“చూశారా, ఎంత కలుపుగోలుతనమో.”

ఇక లాభం లేదని ఆమె ఉన్నదున్నట్టు అడిగేసింది. “నాకు జబ్బు పేరు అక్కర్లేదు డాక్టరు గారూ. తలుపున్న గది కావాలి. ఆ ఒక్క ముక్క రాసివ్వండి.”

డాక్టరుది జాలిగుండె. మనిషి ఇంత దూరం వచ్చింది గనక వట్టి చేతులతో పంపడం ఇష్టంలేక, ముత్యాల్లాంటి అక్షరాలతో యజమానికి రాసిచ్చాడు. ఈమెకు ఏ లోపమూ లేదనీ, నలుగురిలో ఇట్టే కలిసిపోతారనీ, కౌంటరు పనికి మిక్కిలి యోగ్యురాలనీ. (చివరి ముక్క నిబంధనల్లో లేదు, అది ఆయన సొంత చొరవ.)

బస్సులో తల్లీకూతుళ్లు చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. వాళ్లింట్లో అది బాగా కబుర్లు చెప్పుకోవడం కిందే లెక్క. దిగబోయే ముందు తల్లి అడిగింది:

“ఆ వెనక గది ఏ మాత్రం ఉంటుందే?”

“రెండు కుర్చీలు పడతాయమ్మా.”

“చాలు,” అంది తల్లి.

యజమాని ఉత్తరం చదివి మనస్ఫూర్తిగా అభినందించాడు. ఒకటో తారీఖున ఆమె కౌంటర్లో కూర్చుంది. వచ్చినవాళ్ల కనుబొమల మధ్య చూస్తూ, అద్దం ముందు నేర్చిన మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా చెబుతోంది. అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంటికి వెళ్లి దీపం వెయ్యకుండా పడుకుంటుంది. అది ఎవరూ చూడలేదు గనక లెక్కలోకి రాదు.

వెనక గది మాత్రం ఖాళీగా లేదు. యజమాని సామానంతా తీయించి తన బల్ల అక్కడ వేయించుకున్నాడు. హాల్లో ఆ మోతకి ఆయనకి బుర్ర పనిచెయ్యడం లేదట. డాక్టరు చేత రాయించుకు రమ్మని ఆయన్ని ఎవరూ అడగలేదు.